జూనియర్ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో చోటు: కోచ్‌కి ఏం పంపాలి, ఎప్పుడు పంపాలి, ఏ కాగితం చదివి సంతకం పెట్టాలి

అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న తెలుగు కుటుంబం. అబ్బాయి హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, పాయింట్ గార్డ్ (బంతిని నడిపించి ఆట నడిపే ఆటగాడు), రెండేళ్లుగా వర్సిటీ టీమ్‌లో (స్కూల్ ప్రధాన జట్టు) ఆడుతున్నాడు, జీపీఏ 3.1, హెచ్-4 వీసా. నాలుగేళ్ల యూనివర్సిటీల నుంచి ఒక్క ఆఫరూ లేదు. జూనియర్ కాలేజీలో (మన ఇంటర్ కాలేజీ కాదు, అమెరికాలో హైస్కూల్ తర్వాత రెండేళ్లు చదివేది) ఆడొచ్చా, డబ్బు వస్తుందా, చదువు పాడవుతుందా, వేల డాలర్లు అడుగుతున్న రిక్రూటింగ్ ఏజెన్సీకి కట్టాలా?

ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు: కట్టకండి. జూనియర్ కాలేజీ కోచ్‌ల ఈమెయిల్, చాలాచోట్ల ఆఫీసు ఫోన్ నంబరు కూడా కాలేజీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో స్టాఫ్ డైరెక్టరీలోనే ఉంటాయి. ఏజెన్సీ చేసేది ఆ చిరునామాలకు ఒకే మెసేజ్‌ను వందల మంది పిల్లల పేర్లతో పంపడం. అలాంటి మెయిల్‌ను కోచ్‌లు తెరవకుండానే గుర్తుపడతారు. ఆ డబ్బుతో అబ్బాయి ఆడిన మ్యాచ్‌ల పూర్తి వీడియో తెప్పించుకోండి, నాలుగు కాలేజీలు తిరిగి చూసి రండి.

ఆఫర్లు రాలేదంటే మీ వాడికి ఆట రాదని కాదు. ఇప్పుడు డివిజన్ 1 (పై స్థాయి) యూనివర్సిటీ కోచ్‌కి ఒక గార్డ్ కావాలంటే, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) 21, 22 ఏళ్ల అనుభవం ఉన్నవాడు దొరుకుతున్నాడు. 18 ఏళ్ల కుర్రాడిని తెచ్చి రెండేళ్లు తయారుచేసే ఓపిక తగ్గింది. ఇది మీకు రెండు రకాలుగా తగులుతుంది. హైస్కూల్ పిల్లలు ఎక్కువమంది జూనియర్ కాలేజీల వైపు వస్తున్నారు. పై యూనివర్సిటీల్లో ఆడే అవకాశం దొరకనివాళ్లు కూడా కిందికి దిగి అదే సీటు అడుగుతున్నారు. కాబట్టి ‘ఎక్కడా రాకపోతే జూకో (జూనియర్ కాలేజీ) ఉందిగా’ అనే ధీమా పనికిరాదు. టెక్సస్ జూకోలు దేశంలోనే గట్టివి. తర్వాత ఎన్‌బీఏలో ఆడిన ముగ్గురిని చూడండి: జిమ్మీ బట్లర్ టైలర్ జూనియర్ కాలేజీలో ఒక ఏడాది ఆడి మార్కెట్ (Marquette) యూనివర్సిటీకి వెళ్లాడు, లారీ జాన్సన్ ఒడెస్సా కాలేజీలో రెండేళ్లు ఆడాడు, స్పడ్ వెబ్ మిడ్‌ల్యాండ్ కాలేజీతో 1982లో జాతీయ టైటిల్ కొట్టాడు.

డబ్బు సంగతి ఏ డివిజన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ కాలేజీల ఆటలను నడిపే జాతీయ సంఘం ఎన్‌జేసీఏఏ, దానికి సొంత డివిజన్లు ఉన్నాయి. అందులో డివిజన్ 1 కాలేజీ ట్యూషన్, ఫీజులు, హాస్టల్, భోజనం, పుస్తకాలు, ఏడాదికోసారి రానుపోను ప్రయాణం దాకా ఇవ్వొచ్చు. డివిజన్ 2 అయితే ట్యూషన్, ఫీజులు, పుస్తకాలు మాత్రమే, తిండీ గదీ మీవే. డివిజన్ 3లో ఆట పేరు మీద ఒక్క డాలరూ ఇవ్వకూడదు. ఇవన్నీ గరిష్ఠ పరిమితులు. డివిజన్ 1 కాలేజీ కూడా ‘పుస్తకాలు మాత్రం ఇస్తాం’ అనొచ్చు, అది తప్పు కాదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలది వేరే సంఘం. అక్కడ ఆట స్కాలర్‌షిప్పులే లేవు. పైగా తమ ప్రాంతం బయటి పిల్లవాడిని కోచ్ ముందుగా సంప్రదించకూడదు, పిల్లవాడే మొదట రాయాలి. అక్కడి కోచ్ పిలవలేదని కూర్చుంటే ఎన్నటికీ పిలవడు.

ఏ స్థాయికి సరిపోతాడో ఇంట్లో కూర్చుని తేల్చలేరు, తండ్రి కళ్లతో అసలు తేల్చలేరు. మీకు దగ్గర్లో ప్లేనోలో కాలిన్ కాలేజీ డివిజన్ 1 ఆడుతుంది. వెదర్‌ఫర్డ్, వేకోలోని మెక్‌లెనన్ కాలేజీలు కూడా అంతే. డాలస్ కాలేజీ క్యాంపస్‌లది డివిజన్ 3. ఒక డివిజన్ 1 మ్యాచ్, ఒక డివిజన్ 3 మ్యాచ్ అబ్బాయితో కలిసి చూడండి. బంతి వెంట చూపు పోనివ్వకుండా, మీ వాడి ఎత్తున్న గార్డ్‌నే పది నిమిషాలు గమనించండి. బంతి అతని చేతిలో ఉన్నప్పుడు ఎవరు అడ్డుకుంటున్నారు, పూర్తి కోర్టు ప్రెస్ (కోర్టంతా వెంటపడి అడ్డుకోవడం) వేసినప్పుడు ఎన్ని డ్రిబుల్స్‌లో సగం గీత దాటుతున్నాడు, స్క్రీన్ (ఎదుటి ఆటగాడు దారికి అడ్డంగా నిలబడటం) తగిలాక ఎంత త్వరగా మళ్లీ తన మనిషి ముందుకు వస్తున్నాడు. ఆరడుగుల ఒక అంగుళం గార్డ్‌ని డివిజన్ 1 జూకో కోచ్ తీసుకునేది పాయింట్లు వేస్తాడని కాదు, పాయింట్లు వేసేవాళ్లు అతనికి దొరుకుతారు. బంతి పోగొట్టుకోకుండా, ఎదుటి గార్డ్‌ని కుదురుగా ఆడనివ్వకుండా ఉంటాడా అన్నదే లెక్క.

ఇక వీడియో. ఎక్కువమంది అవకాశం పోగొట్టుకునేది ఇక్కడే. కోచ్ ఫోన్‌లో చూస్తాడు, మొదటి అరనిమిషంలో ఉంచాలో తీసేయాలో తేల్చేస్తాడు. పేరు ఎగురుకుంటూ వచ్చే గ్రాఫిక్స్, ర్యాప్ పాట, స్లో మోషన్ ఆ అరనిమిషాన్ని తినేస్తాయి. ఒకే స్లైడు పెట్టండి: పేరు, హైస్కూల్ ముగించే సంవత్సరం, ఎత్తు, బరువు, జీపీఏ, ఫోన్, జెర్సీ నంబరు, జెర్సీ రంగు. మూడు సెకన్లు చాలు. తర్వాత నేరుగా ఆట. మొత్తం మూడు, నాలుగు నిమిషాలు దాటొద్దు. ప్రతి క్లిప్ మొదట్లో మీ వాడెవడో బాణమో వలయమో చూపించాలి, బంతి అందడానికి రెండు మూడు సెకన్ల ముందు నుంచి మొదలవ్వాలి. షాట్ పడిన క్షణం మాత్రమే కత్తిరించి పెడితే అతను ఖాళీ ఎలా చేసుకున్నాడో కోచ్‌కి తెలియదు.

క్లిప్పుల వరుస కూడా ముఖ్యమే. పాయింట్ గార్డ్ అయితే మొదటి ఆరేడు క్లిప్పుల్లో ఇవి ఉండాలి: ఒత్తిడిలో బంతిని పైకి తీసుకెళ్లడం, పిక్ అండ్ రోల్‌లో (తోటి ఆటగాడు స్క్రీన్ పెట్టి బుట్ట వైపు కదిలే ఎత్తుగడ) సరైన మనిషికి పాస్, ఎడమ చేత్తో బుట్ట దాకా వెళ్లడం, తనకన్నా పెద్దవాడిని ముందు నిలబెట్టి ఆపడం, అందుకున్న వెంటనే మూడు పాయింట్ల షాట్. ఖాళీ కోర్టులో లేఅప్పులు, వార్మప్‌లో డంకులు, ముప్పై పాయింట్ల తేడాతో గెలుస్తున్న మ్యాచ్‌లో వేసినవి వద్దు. ఎదుటి టీమ్ బలహీనంగా ఉంటే ఆ విషయం వీడియోలోనే కనిపిస్తుంది. దానితోపాటు రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు ఇవ్వాలి, అందులో ఒకటి గట్టి టీమ్ మీద ఆడినది. ఆసక్తి ఉన్న కోచ్ తర్వాత అడిగేది అదే. బంతి పోగొట్టుకున్నాక తల వేలాడేస్తాడా, వెనక్కి పరుగెత్తుతాడా, బెంచ్ మీద ఎలా కూర్చుంటాడు అన్నవి హైలైట్లలో కనిపించవు, పూర్తి మ్యాచ్‌లో దాచలేరు. హడిల్ (మ్యాచ్ వీడియోలు పెట్టే సైట్) లింకు పెడితే ప్రైవేటులో ఉందేమో వేరే ఫోన్ నుంచి తెరిచి చూడండి. పాస్‌వర్డ్ అడిగిన లింకు కోసం ఏ కోచ్ తిరిగి రాయడు.

మెసేజ్ అబ్బాయే రాయాలి. మన ఇళ్లలో స్కూల్ అడ్మిషన్ నుంచి అన్నీ నాన్నే మాట్లాడటం అలవాటు. ఇక్కడ అది ఎదురుతిరుగుతుంది. తండ్రి ఫోన్ చేస్తే, రేపు ఆడించనప్పుడల్లా ఈయనే ఫోన్ చేస్తాడని కోచ్ అనుకుంటాడు. డబ్బు, సంతకం దగ్గరికి వచ్చేదాకా మీరు వెనకాలే ఉండండి. సబ్జెక్ట్ లైన్ ఇలా ఉంటే చాలు: ‘పాయింట్ గార్డ్, 6-1, ఈ మే గ్రాడ్యుయేట్, జీపీఏ 3.1, ఫ్రిస్కో, టెక్సస్’. లోపల ఐదారు వాక్యాలు. వీడియో లింకు రెండో వాక్యంలోనే రావాలి. ఆ కాలేజీ గురించి ఒక నిజమైన మాట ఉండాలి: ‘మీ ఇద్దరు గార్డ్‌లు ఈ ఏడాదితో వెళ్లిపోతున్నారు’ అనేది రోస్టర్ (జట్టు ఆటగాళ్ల జాబితా) చూసినవాడికే తెలుస్తుంది. హైస్కూల్ కోచ్, క్లబ్ కోచ్ ఫోన్ నంబర్లు, వాళ్లకు ముందే చెప్పి, ఇవ్వాలి. అనధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ పీడీఎఫ్ జతచేయాలి. ఇది చాలామంది పంపరు. జూకో కోచ్‌కి చదువులో ఇబ్బంది లేని కుర్రాడంటే తలనొప్పి తక్కువ, 3.1 మీకు నిజంగా బలం. ఎత్తు మాత్రం చెప్పులు లేకుండా కొలిచిందే రాయండి. క్యాంపస్‌కి వెళ్లిన రోజు రెండంగుళాలు తగ్గితే మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి.

హెడ్ కోచ్‌కీ, అసిస్టెంట్‌కీ విడివిడిగా పంపాలి. రిక్రూటింగ్ రోజువారీ పని అసిస్టెంట్‌ది. జవాబు లేకపోతే పది రోజుల తర్వాత కొత్త మ్యాచ్ క్లిప్‌తో ఒక మెసేజ్, ఆ తర్వాత ఫోన్. ఒకేసారి వందమందికి పంపే బదులు పాతిక, ముప్పై కాలేజీలు ఎంచుకోండి. ఐదు పై స్థాయివి, పది పదిహేను సరిపోయేవి, మిగతావి కచ్చితంగా ఆడించే చోట్లు. ఎంచుకునేటప్పుడు రోస్టర్ పేజీలో రెండో ఏడాది గార్డ్‌లు ఎంతమందో లెక్కపెట్టండి. రెండో ఏడాది ముగిస్తే వెళ్లిపోతారు, ఆ ఖాళీలే మీ చోట్లు.

సమయం విషయంలో నాలుగేళ్ల యూనివర్సిటీల క్యాలెండర్ చూసి భయపడొద్దు. జూకో కోచ్‌లు ఆలస్యంగా తీసుకుంటారు. వాళ్ల సీజన్ నవంబర్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. పురుషుల డివిజన్ 1 జాతీయ టోర్నీ కాన్సాస్‌లోని హచిన్సన్‌లో జరుగుతుంది. ఆ తర్వాతే ఎవరు వెళ్తున్నారు, ఎవరు ఉంటున్నారు తేలుతుంది. అసలు కదలిక ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఆగస్టులో కూడా ఖాళీలు పుడతాయి. చేరతానన్న కుర్రాడికి పై నుంచి పిలుపు వచ్చి వెళ్లిపోతాడు. పరిచయం మాత్రం శీతాకాలంలోనే అవ్వాలి. ఏప్రిల్‌లో ఖాళీ పడగానే కోచ్ ముందు ఫోన్ చేసేది తనకు పేరు తెలిసినవాళ్లకే. పిలిస్తే వారంలో వెళ్లగలిగేలా ట్రాన్‌స్క్రిప్ట్, ఫిజికల్ పరీక్ష ఫారం, టీకాల రికార్డు సిద్ధంగా ఉంచండి. టెక్సస్‌లో 22 ఏళ్ల లోపు విద్యార్థి కాలేజీలో చేరాలంటే మెనింజైటిస్ టీకా తప్పనిసరి. అది వేయించుకోక రిజిస్ట్రేషన్ ఆగిపోవడం ప్రతి ఏడాదీ జరిగేదే.

హైస్కూల్ మూడో ఏడాది పూర్తయిన పిల్లవాడికి ఎన్‌జేసీఏఏ కాలేజీ ఒకసారి తన ఖర్చుతో క్యాంపస్ చూపించవచ్చు, రెండు పగళ్లు, రెండు రాత్రుల వరకు. చిన్న కాలేజీలు చాలావరకు ‘మీరే రండి’ అంటాయి. పర్వాలేదు, వెళ్లండి. ఓపెన్ ట్రయౌట్‌కి ఫీజు అడిగితే మాత్రం ఆలోచించండి. అది చాలాసార్లు రోస్టర్ నింపడానికి కాదు, ఖజానా నింపడానికి. వెళ్లినచోట కోచ్ గదిలో కన్నా ఆటగాళ్లతో గడిపే గంటలో ఎక్కువ తెలుస్తుంది. కోచ్‌ని ఇవి సూటిగా అడగాలి: వచ్చే ఏడాదికి ఎంతమంది గార్డ్‌లు ఖాయం అయ్యారు? ఆగస్టులో మొత్తం ఎంతమందిని తెస్తున్నారు? గత ఏడాది ముగించినవాళ్లు ఎక్కడెక్కడ చేరారు, ఎంతమంది అసోసియేట్ డిగ్రీ పూర్తిచేశారు? పాతికమందిని తెచ్చి సెప్టెంబర్‌లో వడపోసే కాలేజీలు ఉన్నాయి. చివరి ప్రశ్నకు ఒక స్టార్ ఆటగాడి పేరు మాత్రమే చెప్పి ఆపేస్తే, మిగతావాళ్లు ఏమయ్యారని అడగండి.

‘ఆఫర్ ఇస్తున్నాం’ అన్న మాటకు విలువ లేదు, కాగితానికే ఉంది. ఆ కాగితం పేరు ఎన్‌జేసీఏఏ లెటర్ ఆఫ్ ఇంటెంట్. ఇచ్చేవి ఏవో అందులో ఒక్కొక్కటిగా గుర్తుపెట్టి ఉంటాయి: ట్యూషన్, ఫీజులు, గది, భోజనం, పుస్తకాలు. ఖాళీగా ఉన్న గడి అంటే అది మీ జేబు నుంచే. ఒప్పందం ఒక విద్యా సంవత్సరానికే, రెండో ఏడాది మళ్లీ రాయాలి. ‘ఫుల్ రైడ్’ (ఖర్చంతా మాదే) అన్నారు కదా అని సంతకం పెట్టి, హాస్టల్ బిల్లు వచ్చాక కాగితం తీసి చూసుకునేవాళ్లు తక్కువేం కాదు. దీనిమీద సంతకం పెట్టాక వేరే ఎన్‌జేసీఏఏ కాలేజీకి మారాలంటే మొదటి కాలేజీ విడుదల పత్రం ఇవ్వాలి. కోచ్ వెళ్లిపోయినా మీ సంతకం కాలేజీతోనే ఉంటుంది. ‘ప్రిఫర్డ్ వాకాన్’ అంటే మర్యాదగా చెప్పిన ‘డబ్బు లేదు’.

మీ విషయంలో హెచ్-4 వల్ల లెక్క కొంచెం మారుతుంది. పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఆదాయాన్ని బట్టి ఫెడరల్ పెల్ గ్రాంట్ వస్తుంది, 2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు. కోచ్‌లు ముందు ఆ గ్రాంట్ వాడుకుని, మిగిలిన లోటుకే తమ స్కాలర్‌షిప్ డబ్బు పెడతారు. అందుకే మొదటి మాటల్లోనే ‘ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం దరఖాస్తు) నింపారా’ అని అడుగుతారు. హెచ్-4 వాళ్లకు పెల్ రాదు. ఆ మాట దాచకుండా చెప్పండి, వెంటనే రెండో మాట కూడా చెప్పండి: తల్లిదండ్రులు ఏడాదికి పైగా టెక్సస్‌లో స్థిరపడి ఉంటే హెచ్-4 పిల్లలకూ ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుంది. కమ్యూనిటీ కాలేజీల్లో దానికన్నా తక్కువ ఇన్-డిస్ట్రిక్ట్ ఫీజు ఉంటుంది. కాలిన్ కాలేజీకి కాలిన్ కౌంటీ నివాసం చూస్తారు. ఫ్రిస్కో కొంత కాలిన్‌లో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది కాబట్టి మీ ఇల్లు ఏ వైపో చూసుకోండి. ఇంటి నుంచి వచ్చి వెళ్లే, ఇన్-డిస్ట్రిక్ట్ ఫీజు కట్టే గార్డ్ కోచ్‌కి దాదాపు ఖర్చులేని ఆటగాడు. పశ్చిమ టెక్సస్‌లో హాస్టల్ స్కాలర్‌షిప్ కోసం పోటీ పడటం కన్నా మీకు ఇది తేలిక కావచ్చు. ఇంకో సంగతి, 21 నిండితే హెచ్-4 పోతుంది. రెండేళ్లు ముగిసి యూనివర్సిటీకి మారే సమయానికి సరిగ్గా ఆ వయసు దగ్గరపడుతుంది. ఎఫ్-1కి మార్పు దరఖాస్తుకు నెలలు పడుతుంది కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో ముందే తేదీలు రాసుకోండి. ఈ కాలేజీల్లో కూడా పేరు, ఫొటో వాడుకున్నందుకు ఆటగాళ్లకు డబ్బు ఇచ్చే ఒప్పందాలు వస్తున్నాయి. వీసా మీద ఉన్నవాడు లాయర్‌ని అడగకుండా యాభై డాలర్లు కూడా తీసుకోకూడదు.

చదువు గురించి అడిగారు. పాడయ్యేది జూకో వల్ల కాదు, తప్పు కోర్సుల వల్ల. ఎన్‌జేసీఏఏలో ఆడుతూ ఉండాలంటే మొదటి సెమిస్టర్‌లో 12 క్రెడిట్లు, 1.75 జీపీఏ చాలు. రెండో సీజన్‌కి ముందు 24 క్రెడిట్లు, 2.00 ఉండాలి. ఈ అంకెలు చూసి ‘పాస్ అవుతున్నాడు కదా’ అని ఊరుకుంటే, తర్వాత ఎన్‌సీఏఏ (నాలుగేళ్ల యూనివర్సిటీల ఆటల సంఘం) డివిజన్ 1కి మారేటప్పుడు తలుపు మూసి ఉంటుంది. అక్కడ అడిగేది బదిలీ అయ్యే క్రెడిట్లలో 2.5. హైస్కూల్ నుంచే క్వాలిఫయర్‌గా (కింద చెప్పే కోర్ కోర్సుల షరతులు తీర్చినవాడిగా) తేలినవాడు కనీసం ఒక పూర్తి సెమిస్టర్ చదివి, సెమిస్టర్‌కి సగటున 12 బదిలీ క్రెడిట్లు చూపిస్తే మారొచ్చు. క్వాలిఫయర్ కానివాడికి మూడు సెమిస్టర్లు, అసోసియేట్ డిగ్రీ, 48 బదిలీ క్రెడిట్లు కావాలి. అందులో ఇంగ్లిష్ 6, లెక్కలు 3, సైన్స్ 3 తప్పనిసరి. వ్యాయామ విద్య క్రెడిట్లు రెండుకు మించి లెక్కలోకి రావు. పునాది కోర్సులు (కాలేజీ స్థాయికి ముందువి), ‘వర్సిటీ బాస్కెట్‌బాల్’ పేరుతో వచ్చే క్రెడిట్లు జూకోలో ఆడనిస్తాయి, ఎన్‌సీఏఏ లెక్కలోకి మాత్రం రావు.

అందుకే ఇప్పుడే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేయించండి. జూకోకే వెళ్తున్నాం కదా అని ఆ మెట్టు వదిలేయడం పెద్ద పొరపాటు. 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే హైస్కూల్ సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ, ఆ 16లో 10 ఆఖరి ఏడాది మొదలయ్యేలోపే పూర్తికావాలి. మీ వాడి 3.1 మొత్తం కోర్సులదా, కోర్ కోర్సులదా చూడండి. రెండూ ఒకటి కావు. ఒక కోర్ కోర్సు తక్కువ పడితే హైస్కూల్ సమయానికి ముగించాక ఒక్కటి మాత్రం అదనంగా చేసుకునే వీలుంది. గ్రాడ్యుయేషన్ అయ్యాక తుది ట్రాన్‌స్క్రిప్ట్‌ని హైస్కూల్ నుంచే పంపించండి.

ఇంజనీరింగ్ ఆశ ఉంటే రెండేళ్ల పట్టిక ముందే వేయండి. టెక్సస్ కోర్ కరికులం 42 క్రెడిట్లు, దాన్ని పూర్తి చేస్తే రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా ఒప్పుకోవాలి. కానీ ఇంజనీరింగ్‌కి కాలిక్యులస్, ఫిజిక్స్ ల్యాబ్‌లు కూడా కావాలి. ప్రాక్టీస్ మధ్యాహ్నం, ల్యాబ్ కూడా మధ్యాహ్నం. ఆ గొడవ ఎలా తీరుస్తారో కోచ్‌నీ, కాలేజీ అడ్వైజర్‌నీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగండి. కష్టంగా ఉందని సెమిస్టర్ మధ్యలో ఒక కోర్సు వదిలేసి 12 కన్నా తగ్గితే ఆ రోజే ఆటకు అనర్హుడు. అందుకే 14, 15 క్రెడిట్లతో మొదలుపెట్టడం మేలు. కాలేజీ గుర్తింపు కూడా చూడాలి. తర్వాత ఎన్‌బీఏలో ఆడిన జే క్రౌడర్ మొదట చేరిన సౌత్ జార్జియా టెక్నికల్ కాలేజీ క్రెడిట్లు నాలుగేళ్ల డిగ్రీకి పనికిరావని తెలిసి టెక్సస్‌లోని హోవర్డ్ కాలేజీకి మారాల్సి వచ్చింది. అక్కడ 2010లో జాతీయ టైటిల్ గెలిచి మార్కెట్ యూనివర్సిటీకి వెళ్లాడు కాబట్టి కథ సుఖాంతమైంది.

జూకోలో ఆడిన సంవత్సరాలు ఎన్‌సీఏఏలో లెక్కకు వస్తాయా అన్నది ఇప్పుడు కోర్టుల్లో నలుగుతోంది. 2024 డిసెంబర్‌లో వాండర్‌బిల్ట్ ఫుట్‌బాల్ ఆటగాడు డియెగో పావియాకి కోర్టు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చాక, ఎన్‌సీఏఏ 2025-26కి కొందరికి అదనపు ఏడాది ఇచ్చింది. దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేయొద్దు. రెండేళ్లు పోయి రెండేళ్లు మిగులుతాయనే అనుకోండి. అంతకన్నా దొరికితే లాభమే.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా రావాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఈ జూనియర్ కాలేజీ ఇంటర్ తర్వాత చదివేది, అంటే ఇంటర్ సర్టిఫికెట్ హైస్కూల్ డిప్లొమాగా సరిపోతుందని కాలేజీ నిర్ధారించుకోవాలి. కోచ్ వీసా ఇవ్వలేడు. కాలేజీ ఐ-20 (విద్యార్థి వీసాకు కావాల్సిన పత్రం) ఇస్తుంది, మొదటి ఏడాది ఖర్చులో స్కాలర్‌షిప్ పోను మిగిలింది మీ బ్యాంకులో చూపించాలి. ఇంటర్ అయ్యాక ఏడాది ఖాళీగా ఉండి లీగుల్లో ఆడితే దానివల్ల ఒక సీజన్ పోవచ్చు, కాబట్టి ఆడినవన్నీ తేదీలతో ముందే చెప్పండి. జిల్లా, రాష్ట్ర టోర్నీల సర్టిఫికెట్ల కట్ట పంపితే కోచ్ చూడడు. ఫోన్‌ని ట్రైపాడ్ మీద సగం గీత దగ్గర, వీలైనంత ఎత్తులో పెట్టి తీసిన ఒక పూర్తి మ్యాచ్ పంపితే చూస్తాడు.